వెల చెప్పగలిగినవాడే కానుక ఇవ్వగలడు



మిరప కోతలు ముగిసి, పత్తి కట్టె పీకేసిన తరువాత మన మెట్ట ఊళ్ళలో కొన్నాళ్ళు తీరిక దొరుకుతుంది. ఆ తీరికలో కూడా కొందరి చేతులు ఊరుకోవు. ఒకాయన పాత తలుపు చెక్క కోసి పీట చేస్తాడు. ఇంకొకాయన నడక నేర్చుకుంటున్న మనవడికి మూడుచక్రాల బండి చేస్తాడు. అది చూసి పక్కింటివాళ్ళు తమ పిల్లకూ ఒకటి కావాలంటారు. మరొకరు వేప చెక్కతో చపాతీ పీట, కర్ర చేస్తారు. డిసెంబరు వచ్చేసరికి గుడిలో క్రిస్మస్ పాకకు పశువుల తొట్టి చేసి పెట్టేదీ ఇలాంటి చేతులే.

చూసినవాళ్ళు రెండు రకాల మాటలు అంటారు. "ఇంత పనితనం చేతిలో పెట్టుకొని ఊరికే పంచిపెడతావేంటి? అమ్ముకో, నాలుగు డబ్బులొస్తాయి" అనేది ఒక మాట. సరేనని ఆయన ఒక వెల చెప్పాడనుకోండి, రెండో మాట సిద్ధంగా ఉంటుంది: "మనవాళ్ళ దగ్గర కూడా డబ్బులేనా బాబాయ్?" అమ్మితే ఆశపోతు, ఇస్తే అమాయకుడు. చేసిన మనిషి ఈ రెండు మాటల మధ్య నలిగిపోతాడు. చాలామంది చివరికి ఏదీ తేల్చుకోలేక, నవ్వుతూ ఇచ్చేసి, లోపల బాధపడుతూ ఉంటారు.

ఇది పీటకూ బండికీ సంబంధించిన చిన్న విషయంగా కనిపించవచ్చు. కాని దీని కింద రెండు పెద్ద ప్రశ్నలు ఉన్నాయి. ఒక మనిషి చేతిపనికి మనం ఏమి బాకీ ఉన్నాం? ప్రేమతో ఇచ్చినదానికీ, మొహమాటంతో ఇచ్చినదానికీ తేడా ఏమిటి? ఈ వారం వీటిని కలిసి ఆలోచిద్దాం.

అమ్మకంలో దోషం ఉందా?

ముందుగా ఒక అనుమానం తీర్చుకోవాలి. చేతితో, మనసు పెట్టి చేసిన వస్తువును అమ్మడంలోనే ఏదో తక్కువతనం ఉందని మనలో కొందరి భావన. గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ తన రాజనీతి గ్రంథం మొదటి భాగంలో ఒక చెప్పుల జతను ఉదాహరణగా తీసుకున్నాడు. చెప్పులను కాళ్ళకు తొడుక్కోవచ్చు, ఇంకొక వస్తువుకు మార్చుకోవచ్చు. రెండూ ఆ చెప్పుల ఉపయోగాలే. అయితే చెప్పులు చేసింది తొడుక్కోవడానికి. మారకం తరువాత వచ్చి చేరింది. మారకాన్ని ఆయన తప్పుపట్టలేదు. ఇంటి అవసరం తీరేదాకా మారకం సహజమే అన్నాడు. ఆయన భయమంతా హద్దులేని సంపాదన గురించి. ఇంటికి ఎన్ని పీటలు కావాలో ఇంటికి తెలుసు. ఎంత డబ్బు చాలునో డబ్బుకు తెలియదు.

మరి చేతిపనిలో ఉన్న ఆప్యాయత మాటేమిటి? మోకాళ్ళ నొప్పులున్న అమ్మమ్మ కోసం పీట నాలుగు అంగుళాలు ఎత్తుగా చేస్తాడు వడ్రంగి. పసివాడి పెదవికి గుచ్చుకోకుండా బండి అంచులు గుండ్రంగా చిత్రిక పడతాడు. డబ్బు పుచ్చుకుంటే ఈ శ్రద్ధ చచ్చిపోతుందా? మన దర్జీని చూడండి. కూలి తీసుకొనే కుడతాడు. అయినా ఎదిగే పిల్లవాడి లాగుకు లోపల మడత వదిలిపెడతాడు. ఆ మడతకు బిల్లు ఉండదు. కూలి తీసుకున్నంత మాత్రాన ఆ మనసు ఎక్కడికీ పోలేదు. కాబట్టి అమ్మకమంటే ప్రేమ లేకపోవడం అనుకోవడం సరికాదు.

మేర కాలం నాటి మాట

"పూర్వం ఇలా లేదు గురువుగారూ, ఊళ్ళో ఎవరూ ఎవరికీ డబ్బు ఇచ్చేవారు కాదు, అంతా అభిమానం మీద నడిచేది" అని పెద్దలు కొందరు అంటారు. ఆ పూర్వం ఎలా ఉండేదో కాస్త నిదానంగా చూడాలి.

మన నల్లరేగడి ఊళ్ళలో వడ్రంగి లేనిదే వ్యవసాయం లేదు. నాగలి, మేడి, కాడి, గొర్రు, గుంటక, బండి చక్రం, అన్నీ ఆయన బాడిసె కిందనుంచి రావలసినవే. గట్టు మీది నల్లతుమ్మ కొట్టి, ఎండబెట్టి, చెక్కి ఇచ్చేవాడు. ప్రతి పనికీ వేరుగా డబ్బు అడిగేవాడు కాదు. పంట నూర్చినప్పుడు కళ్ళంలో ఆయనకు ఇన్ని గింజలని కొలిచి ఇచ్చేవారు. దానినే మేర అన్నాం. కమ్మరికి, కుమ్మరికి, చాకలికి, మంగలికి కూడా మేర ఉండేది.

ఇందులో మంచి ఉంది. పంట పండితే అందరికీ తిండి గింజలు దొరికేవి. వడ్రంగి కుటుంబాన్ని ఊరు తనదిగా లెక్కపెట్టేది. కాని ఇందులో చెడు కూడా ఉంది, దానిని దాచి మాట్లాడటం న్యాయం కాదు. ఎంత కొలవాలో నిర్ణయించేది కళ్ళం యజమాని. పంట పోయిన ఏడాది ముందుగా తగ్గేది పనివాడి వాటా. పెద్దవారి ఇంట్లో పెళ్ళి వస్తే పందిరి గుంజలు, పీటలు ఊరికే చేసి పెట్టాలి. "చేయను" అనే మాటకు తావు లేదు. కులమెట్లలో ఇంకా కిందికి పోయేకొద్దీ ఇది వెట్టిగా మారింది. మన విచారణల్లోని కుటుంబాలలో ఎన్నింటి తాతముత్తాతలు ఆ వెట్టి చేశారో నేను చెప్పనవసరం లేదు. 1950లో అమలులోకి వచ్చిన మన రాజ్యాంగం 23వ అధికరణంలో వెట్టిని నిషేధించింది. అప్పటికీ పోకపోతే 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం చేయవలసి వచ్చింది.

పత్తి, మిరప కళ్ళంలో కొలిచి పంచుకునే తిండిగింజలు కావు. ట్రాక్టరు వచ్చాక నాగలితోనూ బండితోనూ పని తగ్గింది. మేర పోయింది. కాని మేర వెనుక ఉన్న ఒక అలవాటు మన నాలుక మీద మిగిలిపోయింది. చేతిపని చేసేవాడు వెల చెప్పకూడదు, ఇచ్చింది పుచ్చుకోవాలి, మనం అడిగితే కాదనకూడదు. "మనవాళ్ళ దగ్గర కూడా డబ్బులేనా" అనే మాటలో ఆ పాత అలవాటు వినిపించడం లేదా?

ఇక్కడే అసలు విషయం ఉందని నా మనవి. కాదనే వీలు ఉన్నప్పుడే ఇవ్వడం ఇవ్వడమవుతుంది. అడగడానికి నోరు లేనివాడి దగ్గర తీసుకున్నది కానుక కాదు. దానికి మనం అభిమానమని పేరు పెట్టుకున్నాం, అంతే. తన పనికి ఇంత వెల అని చెప్పగలిగినవాడు, చెప్పినా నవ్వులపాలు కానివాడు, వద్దని కూడా అనగలిగినవాడు, అటువంటివాడు "ఇది నీకు, డబ్బు వద్దు" అన్నప్పుడే అది నిజమైన కానుక.

పునీత పౌలుగారు ఏమి చేశారు?

ఈ మాటకు ఆధారం మన దగ్గరే ఉంది. పునీత పౌలుగారు గుడారాలు కుట్టే పనివాడు. కొరింతులో అక్విలా, ప్రిస్కిల్లా దంపతుల ఇంట ఉండి వారితో కలిసి ఆ పని చేశారని అపోస్తలుల కార్యాలు 18వ అధ్యాయం చెబుతుంది. ఆ కొరింతు సంఘానికే వ్రాసిన మొదటి లేఖ 9వ అధ్యాయం ఈ వారం ఇంట్లో అందరూ కూర్చుని ఒకసారి చదవండి. సువార్త ప్రకటించేవారికి జీవనోపాధి పొందే హక్కు ఉందా లేదా అనేది అక్కడి ప్రశ్న.

ఆయన వాదించిన క్రమాన్ని గమనించండి. తన హక్కును వదులుకున్నానని మొదటి వాక్యంలోనే చెప్పి ముగించలేదు. ముందు ఆ హక్కును నిలబెట్టారు. సిపాయి తన ఖర్చుతో యుద్ధానికి పోతాడా? ద్రాక్షతోట వేసినవాడు దాని పండ్లు తినడా? మందను కాసేవాడు పాలు తాగడా? ఇలా వరసగా అడిగి, కళ్ళంలో నూర్చే ఎద్దు మూతికి చిక్కం కట్టరాదన్న మోషే ధర్మశాస్త్రాన్ని కూడా తెచ్చి చూపారు. ఇతర అపోస్తలులకు ఈ హక్కు ఉందని, తనకూ బర్నబాకూ కూడా ఉందని తేల్చారు. అంతా తేల్చిన తరువాతనే, తాను మాత్రం దానిని వాడుకోలేదని అన్నారు.

ఎందుకు ఈ క్రమం? హక్కు లేదని ఒప్పుకొని ఊరికే పనిచేసి ఉంటే, ఆయన తరువాత వచ్చే ప్రతి బోధకుడికీ చిక్కం కట్టినట్లయ్యేది. హక్కును నిలబెట్టి తాను వదులుకున్నారు కాబట్టి, మిగిలినవారి హక్కు చెక్కుచెదరలేదు, ఆయన త్యాగం త్యాగంగానే నిలిచింది. మన వడ్రంగి పీటకు కూడా ఇదే క్రమం వర్తిస్తుంది. ముందు వెల, తరువాత కానుక.

"మనవాడే గదా"

వెల చెప్పలేకపోవడం ఎంత బాధో మన ప్రాంతంవారికి వేరే చెప్పాలా? ఆరేడు నెలలు చేలో చాకిరీ చేసి, పురుగుకు మందు కొట్టి, కోత కూలీలకు అప్పు తెచ్చి ఇచ్చి, టిక్కీలు లారీకెత్తి గుంటూరు మిర్చి యార్డుకు తోలుకొని పోతాం. అక్కడ సరుకు మనది, ధర వేరొకరిది. 2025లో ధరలు పడిపోయినప్పుడు, ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం మార్కెట్ జోక్యం పథకం కింద మిర్చికి క్వింటాలు 11,781 రూపాయలుగా లెక్కకట్టింది. అది పెట్టుబడికైనా వస్తుందా అని ఎన్ని ఇళ్ళలో వాదించుకున్నారో మీకు గుర్తుండే ఉంటుంది. "నా పంటకు నేను ధర చెప్పుకునే రోజు ఎప్పుడొస్తుంది?" అని రైతు అడిగితే అందులో న్యాయం ఉందని మనమంతా తల ఊపుతాం.

అదే రైతు ఇంటికి వచ్చి, తలుపు బాగుచేసిన వడ్రంగితో "మనవాడివే గదా, ఏదో ఒకటి తీసుకో" అంటే, ఆ న్యాయం ఏమైనట్లు? యార్డులో మనకు జరిగింది మన వసారాలో మనం ఇంకొకరికి చేస్తున్నాం.

1891 మే 15న 13వ లియో పోపుగారు వెలువరించిన రేరుం నొవారుం విశ్వలేఖ ఈ విషయాన్ని చాలా సూటిగా చెప్పింది. కూలి ఎంతో ఇద్దరూ మాట్లాడుకొని ఒప్పుకున్నారు కదా, ఇక తప్పేముంది అనే వాదం చాలదని ఆ లేఖ సారాంశం. గతిలేకనో భయంతోనో పనివాడు తక్కువకు ఒప్పుకుంటే, ఆ ఒప్పందంలో బలవంతం ఉన్నట్లే. మొహమాటం కూడా ఒక రకం భయమేనని నేను దానికి చేర్చుతాను. ఊళ్ళో రేపు మళ్ళీ ముఖం చూసుకోవాలి, గుడిలో పక్కపక్కన కూర్చోవాలి అనే భయం. 2025 మే నెలలో ఎన్నికైన జగద్గురువులు 14వ లియో అనే పేరు ఎంచుకున్నప్పుడు, ఆ పాత లేఖను గుర్తు చేసుకొనే ఎంచుకున్నానని చెప్పారు. శ్రమకు సంబంధించిన ప్రశ్న ఇంకా పాతబడలేదన్నమాట.

ఊరికే ఇచ్చేవాడి బాధ్యత

ఇప్పటివరకు తీసుకునేవాడి సంగతి చెప్పాను. ఇచ్చేవాడికి కూడా ఒక మాట ఉంది, అది కొంచెం కష్టంగా అనిపించవచ్చు.

ఉద్యోగం చేసి విరమించిన ఒక మాస్టారిని ఊహించుకోండి. పింఛను వస్తుంది, పిల్లలు స్థిరపడ్డారు. కాలక్షేపానికి వడ్రంగం నేర్చుకున్నారు. కరెంటు రంపం, మంచి ఉలులు కొనుక్కున్నారు. పీటలు, చిన్న బల్లలు చేసి వీధిలో అందరికీ పంచుతున్నారు. అందరూ మెచ్చుకుంటున్నారు. అదే వీధి చివర ఆ పని మీదే బతికే వడ్రంగి ఒకాయన ఉన్నారు. నాగళ్ళ కాలం పోయింది, తలుపులు కిటికీలు కూడా ఇప్పుడు ఇనుము, ప్లాస్టిక్ అవుతున్నాయి. మిగిలిన చిన్న చిన్న పనులే ఆయన పొయ్యి వెలిగిస్తున్నాయి. మాస్టారి ఉచిత పీట వచ్చిన ప్రతి ఇంటికీ ఆయన పీట అక్కరలేదు. మాస్టారి ఔదార్యానికి ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారు?

మాస్టారు పని మానేయాలని కాదు. ఆయన ఆలోచించాలి. నిజంగా కొనలేని ఇంటికి ఇవ్వవచ్చు. గుడికి, అనాథ శరణాలయానికి చేసి పెట్టవచ్చు. కొనగలిగినవారు అడిగితే, "మన వీధి చివర ఆయన చేస్తాడు, వెళ్ళి చేయించుకోండి" అని చెప్పవచ్చు. అమ్మదలుచుకుంటే ఆ వడ్రంగి చెప్పే ధరకు తక్కువగా అమ్మకుండా ఉండవచ్చు. ప్రేమ చూపే ముందు న్యాయానికి భంగం కలగకుండా చూసుకోవాలని మన నీతిశాస్త్రం నేర్పుతుంది. ఒకరి నోటి దగ్గరిది తీసి మరొకరికి వడ్డిస్తే దానధర్మం అనిపించుకోదు.

మనకు దగ్గరలోనే చేతిపని అమ్ముకొని బతుకుతున్న ఊళ్ళు ఉన్నాయి. కృష్ణ అవతలి ఒడ్డున కొండపల్లిలో తెల్లపొణికి చెక్కను చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, రంగులు వేసి బొమ్మలు చేస్తారు. ప్రకాశానికి దక్షిణాన నెల్లూరు జిల్లా ఉదయగిరిలో కొండ చెట్ల కర్రతో గరిటెలు, చెంచాలు, ఫోర్కులు చెక్కుతారు. ఈ రెండింటికీ భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఆ చెంచా చేతికి తీసుకొని "చెక్క ముక్కే గదా, ఇంతెందుకు?" అని బేరమాడేవారు, అది కొమ్మగా ఉన్నప్పటి నుంచి చెంచా అయ్యేదాకా ఎన్ని చేతులు మారిందో ఒక్కసారి ఆలోచించాలి. ఆ కుటుంబాలు సిగ్గుపడకుండా వెల చెబుతున్నాయి కాబట్టే ఆ పని ఇంకా బతికి ఉంది.

ఏది న్యాయమైన వెల?

సరే, వెల చెప్పాలి. ఎంత చెప్పాలి? చేతిపనివారు ఎక్కువమంది దీనిని లెక్కే వేయరు. ఒక పీటకు చెక్క, మేకులు, గరుకు కాగితం, వార్నీషు కలిపి 350 రూపాయలు అయిందనుకుందాం. రోజున్నర పని పట్టింది. ఊళ్ళో వడ్రంగి రోజుకూలి 800 అనుకుంటే కూలి 1,200. మొత్తం 1,550. బజారులో ప్లాస్టిక్ స్టూలు 300కే దొరుకుతుంది కాబట్టి ఈ లెక్క వినగానే కొనేవాడు ఉలిక్కిపడతాడు. చేసినవాడు భయపడి 500 అంటాడు.

500కు ఇవ్వడం తప్పు కాదు. కాని అప్పుడు జరిగింది ఏమిటో ఇద్దరికీ తెలియాలి. 1,050 రూపాయలు, అంటే మూడింట రెండు వంతులకు పైగా, అక్కడ కానుకగా వెళ్ళింది. తెలిసి ఇస్తే అది ఔదార్యం. తెలియక ఇస్తే నష్టం. తెలిసి కూడా తెలియనట్లు పుచ్చుకుంటే, అది తీసుకున్నవాడి మనస్సాక్షి చూసుకోవలసిన విషయం.

ఎక్కువ చెప్పడంలో కూడా హద్దు ఉంది. 13వ శతాబ్దంలో పునీత తోమాసు అక్వినాసుగారు తన వేదాంత సంగ్రహం రెండవ భాగపు ద్వితీయ ఖండం 77వ ప్రశ్నలో దీనిని చర్చించారు. వస్తువును వదులుకోవడం వల్ల అమ్మేవాడికి ప్రత్యేకమైన నష్టం ఉంటే, ఆ నష్టాన్ని వెలలో కలుపుకోవచ్చు అన్నారు. తాత చేతి ఉలితో చేసిన పెట్టెను అమ్మవలసి వస్తే, ఆ బాధకు కూడా కొంత వెల ఉండటం న్యాయమే. కాని అమ్మేవాడికి ఏ ప్రత్యేక నష్టమూ లేక, కొనేవాడికి మాత్రం గొప్ప అవసరం ఉంటే, ఆ అవసరాన్ని చూసి వెల పెంచరాదు. ఎందుకంటే ఆ అవసరం కొనేవాడిది, అమ్మేవాడిది కాదు. తనది కానిదాన్ని ఎవరూ అమ్మరాదు.

మన ఊళ్ళలో ఇది ఎక్కడ తగులుతుందో చెప్పనా? శవపేటిక దగ్గర. రాత్రి చనిపోతే తెల్లవారేసరికి పెట్టె కావాలి. ఆ ఇంటివారు బేరమాడే స్థితిలో ఉండరు. ఆ వేళ చెక్కకు, కూలికి, రాత్రి నిద్ర మేలుకున్నందుకు అడగడం న్యాయమే. ఏడుపుకు వెల కట్టడం అన్యాయం. పేద ఇంట చావు జరిగితే చెక్క ఖర్చు కూడా అడగకుండా పెట్టె చేసి ఇచ్చే వడ్రంగులు ఉన్నారు. వారిది కానుక. అయితే ఆ కానుక వారి ఇంట్లో పొయ్యి మీద పడకుండా, ఆ చెక్క ఖర్చును విచారణ భరించవద్దా?

ఇక సిలువలు, స్వరూపాలు చెక్కేవారికి ఒక సందేహం: దేవుని బొమ్మను అమ్మవచ్చా? చెక్కకూ శ్రమకూ వెల తీసుకోవచ్చు. ఆశీర్వాదానికి వెల లేదు. కాబట్టి ముందు వెల చెల్లించి ఇంటికి తీసుకొని పోయి, ఆ తరువాత గురువుచేత ఆశీర్వదింపజేసుకోవడం మంచి పద్ధతి.

పరిగ వదలండి

"ఉచితంగా పొందారు కాబట్టి ఉచితంగా ఇవ్వండని ప్రభువే ఆజ్ఞాపించారు కదా?" అని మీలో ఎవరైనా అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. మత్తయి సువార్త 10వ అధ్యాయంలో ఆ ఆజ్ఞ ఉంది. వ్యాధులు నయం చేయడం, దయ్యాలను వెళ్ళగొట్టడం వంటి వరాల గురించి ప్రభువు ఆ మాట అన్నారు. రెండు వచనాలు దాటగానే, పనివాడు తన తిండికి అర్హుడని కూడా ఆయనే చెప్పారు. దేవుడు ఊరికే ఇచ్చినదానిని మనం అమ్ముకోరాదు, మనిషి శ్రమను మనం ఊరికే వాడుకోరాదు. రెండు ఆజ్ఞలు ఒకేచోట ఉన్నాయి. ఒకటి మాత్రమే గుర్తుపెట్టుకోవడం మనకు అనుకూలం, అంతే.

అయినా పనితనంలో దేవుడు ఊరికే ఇచ్చిన భాగం కూడా ఉంది. చేతి నేర్పు, చూపు, చెట్టులోని బలం మనం కొనుక్కున్నవి కావు. కాబట్టి చేసినదంతా అమ్మేయడం కూడా సరికాదు. ఎంత వదలాలి? దీనికి లేవీయకాండము 19వ అధ్యాయం ఒక దారి చూపుతుంది. పంట కోసేటప్పుడు పొలం అంచుల దాకా కోయవద్దు, రాలిన పరిగ ఏరుకోవద్దు, అవి పేదలకు, పరదేశులకు వదలాలి. బోవసు పొలంలో రూతు ఏరుకున్నది ఆ పరిగనే. పరిగ ఏరుకోవడం మన ఊళ్ళకూ కొత్త కాదు.

పరిగలో రెండు విషయాలున్నాయి. మొదటిది, పొలమంతా వదలమనలేదు. రైతు తన పంట కోసుకొని బతకాలి. రెండవది, వదిలిన పరిగ రైతు దయ కాదు, పేదవాడి హక్కు. చేతిపనిలో కూడా ఇలా ఒక వంతు పెట్టుకోవచ్చు. పది బండ్లు అమ్మితే పదకొండోది కొనలేని ఇంటి బిడ్డకు. ఎవరికి ఇవ్వాలో చేసినవాడే నిర్ణయించుకోవాలి, అడిగి లాక్కున్నవారు కాదు. పరిగ పేరుతో తాలుకాయలు ఇవ్వకూడదు సుమా. చక్రం వంకరపోయి అమ్ముడుపోని బండిని పేదవాడికి ఇచ్చి పుణ్యం లెక్కవేసుకుంటే అది పరిగ కాదు.

ఇచ్చిన తరువాత దానిని మరచిపోవడం కూడా నేర్చుకోవాలి. పెళ్ళిళ్ళలో చదివింపులు పుస్తకంలో రాసి పెట్టుకుంటాం. ఎవరు ఎంత చదివించారో చూసి, వారింటి పెళ్ళికి అంత చదివిస్తాం. అది ఒక మంచి సహకార పద్ధతే, కాదనను. కాని అది అప్పు, కానుక కాదు. ఊరికే ఇచ్చిన పీటను మనసులోని పుస్తకంలో రాసుకొని, పదేళ్ళ తరువాత తగాదాలో బయటికి తీసేవారున్నారు. అలా రాసుకోక తప్పదనిపిస్తే, అటువంటివారు ఆ రోజే వెల అడిగి తీసుకోవడం మేలు. బంధుత్వం నిలుస్తుంది.

మనం చేయవలసింది

1955లో 12వ పయస్ పోపుగారు మే 1ని శ్రామికుడైన పునీత జోజప్పగారి పండుగగా నెలకొల్పారు. ప్రతి ఏడాది ఆ రోజు మనం పూజ చేసుకుంటాం, ఉలి, రంపం పట్టుకున్న ఆయన స్వరూపానికి పూలదండ వేస్తాం. రెండవ శతాబ్దానికి చెందిన పునీత జస్టిన్ గారు, యేసు ప్రభువు నాగళ్ళు, కాడులు చేసేవాడని రాశారు. మన మెట్ట వడ్రంగి చేసిన పనే అది. ఆ కాడిని నజరేతు రైతు ఊరికే పట్టుకొని పోయాడా, వెల ఇచ్చాడా? సువార్తలు చెప్పలేదు. కాని బాలయేసును దేవాలయంలో కానుక పెట్టినప్పుడు, గొర్రెపిల్లను తేలేని బీదలకు ధర్మశాస్త్రం అనుమతించిన రెండు పక్షులనే ఆ తల్లిదండ్రులు అర్పించారని లూకా సువార్త చెబుతుంది. అటువంటి ఇంట్లో కాడికి వెల అందితేనే రొట్టె ఉంటుంది.

కాబట్టి చేతిపని చేసేవారికి నా మనవి: మీరు చేసిన ప్రతి వస్తువుకూ మొదట ఒక కాగితం మీద నిజమైన వెల లెక్కవేయండి. ఇంటివారికి కూడా చూపండి. ఆ తరువాత అమ్మండి, తగ్గించి ఇవ్వండి, ఊరికే ఇవ్వండి. ఏది చేసినా తెలిసి చేయండి. మీ ఇంటి అవసరం తీరకుండా ఊరి మెప్పు కోసం ఇవ్వకండి. అవసరం తీరిన తరువాత చేసే ప్రతిదానికీ గిరాకీ వెతుక్కోకండి.

అడిగేవారికి నా మనవి ఇంకా చిన్నది. ఈసారి పక్కింటి బాబాయిని పీట చేసి పెట్టమన్నప్పుడు, "ఎంత అవుతుంది?" అని మీరే ముందు అడగండి. ఆయన చెప్పిన వెలను బేరమాడకుండా, చేతిలో పెట్టండి. అప్పు పెట్టి తిప్పకండి. దాచిపెట్టిన కూలి దేవుని చెవిలో మొరపెడుతుందని పునీత యాకోబుగారి లేఖ హెచ్చరిస్తుంది. ఒకవేళ ఆయన మీ డబ్బు వెనక్కి నెట్టి, "ఉంచరా, మీ అమ్మ కోసం చేశాను" అంటే, రెండోసారి బలవంతపెట్టకండి. సంతోషంగా తీసుకొని వెళ్ళి అమ్మను కూర్చోబెట్టండి.